బతికి ఉంటే నష్టమట!

దేవరకొండ బస్టాండు దగ్గర ఏ చాయ్ హోటల్లోనైనా కూర్చుని టర్మ్ పాలసీ మాట ఎత్తి చూడండి. ముప్పై అయిదేళ్ల మనిషి ఏడాదికి ఓ ఎనిమిది వేలు కడుతూ పోతే, ఆయనకేమన్నా అయిన నాడు ఇంటికి యాభై లక్షలు వస్తాయని చెప్పండి. పక్కాయన చాయ్ కప్పు కింద పెట్టి అడిగే మొదటి ప్రశ్న ఇదే.

"మరి సావకపోతేనో?"

ఏమీ రాదని చెప్తారు మీరు.

"అంటే కట్టిన పైసలన్నీ బూడిదల పోసుడేనా?"

ఆ గొంతులో పలికే దిగులు వింటే ఎవరికైనా మనసు కరుగుతుంది. అరవయ్యేళ్లు నిండాయి. పిల్లల పెళ్లిళ్లయ్యాయి. షుగర్ కొంచెం ఉంది గానీ మనిషి గట్టిగానే ఉన్నాడు, పొద్దున్నే ఖిల్లా దాకా నడిచి వస్తాడు. ఇన్ని ఉన్నా ఒక్కటే వెలితి. పాలసీ గడువు తీరేలోపు చనిపోలేకపోయాడు! పాతికేళ్లు క్రమం తప్పకుండా ప్రీమియం కట్టిన మనిషికి దేవుడు చేసిన అన్యాయం కాదా ఇది? ఇట్లా బతికిపోయి నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వాలని మన ప్రజాప్రతినిధులు ఇంకా ఎందుకు ధర్నా చేయలేదో తెలియదు.

ఖిల్లా అంటే గుర్తొచ్చింది. రేచర్ల పద్మనాయకులు ఏడు కొండలను చుట్టి ఆ గోడలు కట్టించారంటారు. దండయాత్ర జరగని సంవత్సరాలు బోలెడు వచ్చి ఉంటాయి. "ఈ ఏడు శత్రువు రాలేదు గనుక గోడలకు పెట్టిన ఖర్చు బోనస్‌తో సహా వాపసు ఇప్పించవలెను" అని ఏ దండనాయకుడూ రాజుగారికి అర్జీ పెట్టినట్టు లేదు. ఆ తెలివి మన కాలానికే వచ్చింది.

అందుకే మనం టర్మ్ కొనం. "తిరిగొచ్చేది" కొంటాం. ఎండోమెంట్, మనీబ్యాక్, జీవితాంతం ఏదో ఒకటి చేతిలో పెట్టేవి. ఊళ్లో ఒక సార్‌ను తీసుకుందాం, ముప్పై అయిదేళ్ల హైస్కూలు టీచరు. ఏడాదికి 50 వేలు, 20 ఏళ్లు. బాండు మీద రాసి ఉండేది 10 లక్షలు. బోనస్‌లన్నీ కలిస్తే, అవీ అనుకున్నట్టు వస్తే, చివరికి 18, 18న్నర లక్షలు చేతికి రావచ్చు. ఇది ఉజ్జాయింపే గానీ ఇలాంటి పాలసీల రివాజు ఇంతే. ఏజెంటు తెల్లకాగితం మీద "కట్టేది 10, వచ్చేది 18" అని రాసి కింద రెండు గీతలు గీస్తాడు. సార్ లెక్కలు ఆ రెండు గీతల దగ్గరే ఆగిపోతాయి. పొద్దున్నే ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెప్పి వచ్చిన సారే ఆయన. సాయంత్రానికి తన సొమ్ము దగ్గరికొచ్చేసరికి చక్రవడ్డీ సిలబస్‌లో లేకుండా పోతుంది.

ఆయన తరఫున మనమే వేద్దాం. ఆ వచ్చేది ఏడాదికి సుమారు అయిదున్నర శాతం. పోస్టాఫీసులో పీపీఎఫ్‌కు 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం నడుస్తున్నది. ఆ 50 వేలల్లోనే 8 వేలు పెట్టి 50 లక్షల టర్మ్ తీసుకుని, మిగతా 42 వేలు ఏటా పీపీఎఫ్‌లో వేస్తే, రేటు ఇట్లాగే ఉంటే, 20 ఏళ్లకు 18 లక్షల 60 వేల దాకా అవుతుంది. అంటే సార్ అంతగా కోరుకున్న "తిరిగొచ్చేది" ఏమీ తగ్గలేదు. తేడా అంతా నడుమ ఉంది. పదకొండో ఏట సార్‌కు జరగరానిది జరిగితే మొదటి దారిలో ఇంటికొచ్చేది 10 లక్షలు, అప్పటిదాకా పోగైన బోనస్సు. రెండో దారిలో 50 లక్షలు, దాని పైన పీపీఎఫ్‌లో పడి ఉన్న సొమ్ము. పది లక్షలంటే సార్‌కు ఏడాది జీతం. ఏడాది దాటాక పిల్లలు అన్నం తినడం మానేస్తారని ఆయన అంచనా కాబోలు. ఇక ఇల్లు కట్టడానికి తెచ్చిన లోన్ పాతిక లక్షలు బాకీ ఉంటే, బీమా సొమ్మంతా బ్యాంకువాళ్లు జమ చేసుకున్నా తీరదు. ఆ ఇంటి ఇల్లాలికి మిగిలేది బాండు దాచిన ప్లాస్టిక్ కవరు.

ఇదే సార్‌కు చందంపేట మండలంలో ఒక అన్న ఉంటాడు. నాలుగెకరాల పత్తి చేను, చేతిలో పట్టాదారు పాసుపుస్తకం. ఆయన చదువు నాలుగో తరగతి. బీమా విషయంలో తమ్ముడికంటే ఆయన పరిస్థితే నయం. ఎందుకంటే ఆయన పాలసీని ఆయన ఎంచుకోలేదు, సర్కారు ఎంచుకుంది.

2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం రైతుబీమా మొదలుపెట్టింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారు రైతు ఏ కారణంతో పోయినా కుటుంబానికి 5 లక్షలు. పది రోజుల్లో నామినీ ఖాతాలో పడాలన్నది నియమం. బీమా చేసింది ఎల్‌ఐసీ. మొదటి ఏడాది ఒక్కో రైతుకు సర్కారు కట్టిన ప్రీమియం 2,271 రూపాయల 50 పైసలు. మన చాయ్ హోటల్ మేధావులు గమనించాల్సిన సంగతి ఏమిటంటే, రాష్ట్ర ఖజానా తన సొంత డబ్బు పెట్టి కొన్న ఆ పాలసీలో మెచ్యూరిటీ లేదు, బోనస్ లేదు, మనీబ్యాక్ లేదు. ఏడాదికేడాది నడిచే అచ్చమైన టర్మ్. రైతు నిక్షేపంగా బతికి ఉంటే సర్కారుకు ఒక్క నయాపైసా వాపసు రాదు. ఎల్‌ఐసీతో బేరమాడిన పెద్ద ఆఫీసర్లలో ఒక్కరన్నా "మరి మా రైతు సావకపోతేనో?" అని అడిగి ఉంటే పథకం అక్కడే ఆగిపోయేది. వాపసు ఇచ్చే పాలసీకి ప్రీమియం ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ లెక్కన లక్షలాది రైతులకు కట్టాలంటే బడ్జెట్ చాలదు. అదృష్టవశాత్తూ వాళ్లకు బామ్మర్ది ఏజెంటు లేడు.

ఆ మొదటి ఏడాది సర్కారు కొన్న ధరకు 10 లక్షల కవరు 4,543 రూపాయలకు వచ్చేది. సార్ అదే 10 లక్షలకు 50 వేలు కడుతున్నాడు. మూకుమ్మడిగా కొంటే ధర తగ్గుతుంది, నిజమే. పొదుపు కూడా కలిసి ఉంది, అదీ నిజమే. ఆ పొదుపు ఎంత ముద్దొస్తున్నదో పైన చూశాం. అయినా ఊరికి పోయినప్పుడు అన్న ముందు కాలు మీద కాలేసుకుని సార్ చెప్పే మాట: "నీదంత సర్కారు బీమా అన్నా. మాది అసల్ పాలసీ."

రైతుబీమాను నేనేమీ నెత్తిన పెట్టుకోవడం లేదు. దానికున్న చిల్లులు దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో అడిగితే పుస్తకమంత చెప్తారు. పట్టా పేరున ఉంటేనే బీమా. భూమి డెబ్బై ఏళ్ల తండ్రి పేర, అరక కొడుకు చేతిలో ఉంటే ఇద్దరికీ లేదు. తండ్రి వయసు దాటిపోయింది, కొడుక్కి పాసుపుస్తకం రాలేదు. కౌలుకు చేసేవాడు ఎండలో పడి ఎంత చాకిరీ చేసినా బీమా దృష్టిలో రైతే కాడు. ఆధార్ తీసిన రోజున ఎదుట కూర్చున్న పిల్లాడు మనిషిని పైకీ కిందికీ చూసి ఏదో ఒక సంవత్సరం కొట్టి, నెలా తారీకూ జనవరి ఒకటి చేశాడు. అట్లా కంప్యూటర్‌లో పదేళ్లు ముందే ముసలివాళ్లై బీమా గీత దాటిపోయిన జనవరి ఒకటో తారీకు తల్లులూ తండ్రులూ ప్రతి తండాలో కనిపిస్తారు. ఈ చిల్లుల గురించి సార్ ఊరికి పోయి పదిమందికి చెప్పి, పట్టాలు మార్పించి, ఆధార్ సరిచేయిస్తే ఎంత పుణ్యం! ఆయనకు తీరిక లేదు. మనీబ్యాక్ కిస్తీ గడువు దగ్గర పడింది.

ఇంకో ముచ్చట. ఏటా మే నెలాఖరున బ్యాంకు ఖాతాలో 436 రూపాయలు కోత పడుతుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా అది. మొదట 330 ఉండె, 2022 జూన్ నుంచి 436 చేశారు. ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. అదీ టర్మే, అదీ ఏడాదికే. ఈ 436 కోసం బ్యాంకులో మేనేజరు టేబుల్ మీద గుద్ది, "ఎవన్నడిగి కోసిండ్రు నా పైసలు?" అని లొల్లి పెట్టి, రాసిచ్చి బంద్ చేయించి వచ్చిన పెద్దమనిషి, అదే వారంలో బామ్మర్దికి అరవై వేల చెక్కు రాసిచ్చి, పైగా భోజనం పెట్టి పంపించిన సంగతి నాకు తెలుసు.

బామ్మర్ది గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. మన ప్రాంతంలో పాలసీ ఎంచుకునే పద్ధతి ఒక్కటే, ఏజెంటుతో చుట్టరికం. జీతం ఎంత, అప్పులెన్ని, పిల్లలు చిన్నవాళ్లా పెద్దవాళ్లా అన్నవి లెక్కకు రావు. అక్క మొహం చూసి సంతకం పెడతారు. ఆ పిల్లగాణ్ని తప్పు పట్టలేం కూడా. డిగ్రీ చేశాడు, గ్రూప్స్ రాశాడు, నోటిఫికేషన్ల కోసం కళ్లు కాయలు కాచాయి. ఇట్లాంటి సంప్రదాయ పాలసీల మీద మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా కమీషన్ ఇచ్చే పద్ధతి ఏళ్లకేళ్లు నడిచింది. 50 వేల మీద అది 17,500. సార్‌కు నిజంగా పనికొచ్చే 8 వేల టర్మ్ మీద అంతే శాతం వేసినా 2,800. బ్యాగులో టర్మ్ కాగితం ఎందుకు అడుగున ఉంటుందో అర్థం చేసుకోవడానికి గ్రూప్స్ సిలబస్ అక్కర్లేదు. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మనిషి పోయిన ఇంటికి మరణ ధ్రువపత్రం దగ్గర్నుంచి చెక్కు దాకా వెంట తిరిగి ఇప్పించిన ఏజెంట్లను మన దగ్గర చూశాం. వాళ్లకు దండం. వాళ్లలో చాలామంది అమ్మగలిగింది కూడా మనం అడిగినదే. "తిరిగొచ్చేది చూపియ్యి" అని అడిగిందీ మనమే.

"మొదటి కిస్తీల సగం నేనే కడ్త బావా" అన్న మాట దగ్గర మాత్రం సార్ లెక్క భలే చురుగ్గా పనిచేస్తుంది. కమీషన్‌లో వాటా ఇవ్వడం 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ కింద నేరం. ఇచ్చినవాడికే కాదు, పుచ్చుకున్నవాడికీ వర్తిస్తుంది, జరిమానా 10 లక్షల దాకా ఉంది. ఇరవై ఏళ్ల బరువు నెత్తికెత్తుకోవడానికి ఒక్క ఏడాది సగం డబ్బు తాయిలం! ఆ తాయిలానికి మురిసి, రెండో ఏడాది కట్టలేక వదిలేసినవాళ్లెందరో. 2024 అక్టోబరు 1 నుంచి వచ్చిన కొత్త నిబంధనల వల్ల ఏడాది పూర్తిగా కట్టినవాళ్లకు సరెండర్ చేస్తే ఎంతో కొంత చేతికొస్తుంది. అంతకుముందు తీసుకున్నవాటిలో ఒక్క ఏడాది కట్టి ఆపేస్తే మామూలుగా సున్నా.

మార్చి నెల వస్తే ఇంకో పాట. "టాక్స్ కోసం సార్!" ఆదాయపు పన్నులో కొత్త విధానమే 2023-24 నుంచి మామూలు విధానమైంది, దాంట్లో 80సీ మినహాయింపే లేదు. కొత్త విధానంలో ఉండి కూడా టాక్స్ కోసం పాలసీ తీసుకున్న సార్లు స్టాఫ్‌రూమ్‌లో ఉన్నారంటే, దాన్ని భక్తి అనాలి. జీతంలోంచి ప్రతి నెలా ఇంకో కోత కూడా ఉంటుంది, ప్రభుత్వ జీవిత బీమాది. 1907లో నిజాం సర్కారు ఉద్యోగుల కోసం పెట్టిన బీమాకు వారసురాలు అది. నూరేళ్లు దాటిన ఆ బీమాలో మీ కవరు ఎంత అని సార్‌ను అడగండి. "అది కట్ అయితది" అంటాడు. ఎంత కట్ అవుతుందో తెలుసు, ఎంత వస్తుందో తెలియదు. తిరిగొచ్చేదాని మీద అంత ప్రేమున్న మనిషికి!

సార్ ఇంకో ఘనకార్యం చేశాడు. రెండేళ్ల కొడుకు పేర పాలసీ తీశాడు. ఊరంతా మెచ్చుకుంది, ఎంత ముందుచూపు అని. పసివాడు నెలకు ఎంత సంపాదిస్తున్నాడు, వాడి మీద ఎవరు ఆధారపడి బతుకుతున్నారు, వాడి పేర హోమ్ లోన్ ఏమైనా ఉందా అని ఎవరూ అడగలేదు. సంపాదించే తండ్రికి ఏడాది జీతమంత బీమా, పాలు తాగే పిల్లాడికి దానికంటే ఎక్కువ. ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా చేసి, ట్యూషన్లు కూడా చెప్పే ఇల్లాలికి అసలు లేదు. "ఆమెకెందుకు, ఆమె ఏం పని చేస్తది?"

బ్యాంకుల సంగతి తొందరగా ముగిస్తా. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడానికి పోయిన రిటైర్డ్ అటెండరు పదేళ్లు కట్టాల్సిన పాలసీ కాగితంతో ఇంటికి తిరిగొస్తున్నాడు. ఈ గోస ఎంత దూరం పోయిందంటే 2024 నవంబరులో కేంద్ర ఆర్థికమంత్రే బ్యాంకర్ల సభలో నిలబడి, తప్పుడు మాటలు చెప్పి బీమా అమ్మడం మానుకోండని చెప్పాల్సి వచ్చింది. సభికులు చప్పట్లు కొట్టే ఉంటారు, టార్గెట్లు మాత్రం ఎక్కడివక్కడే.

ఇక ఫారం నింపే ఘట్టం. ఇది చదివితే దేవరకొండ డివిజన్ అంత ఆరోగ్యవంతమైన ప్రాంతం భూమి మీద లేదనిపిస్తుంది. బీపీ? లేదు. షుగర్? లేదు. పొగాకు? లేదు. "తాగుడు అలవాటు?" అని చదివి ఏజెంటే "లేదు" అని టిక్కు పెడతాడు. "రోజు సాయంత్రం కల్లు తాగుత గదా" అని సార్ నిజాయితీగా అంటే, "కల్లు మందు గాదు బావా, చెట్టు పాలు" అని సమాధానం. మెట్‌ఫార్మిన్ మాత్ర జేబులో పెట్టుకుని "షుగర్ లేదు" కింద సంతకం చేస్తాం. నిజం రాస్తే ప్రీమియం నాలుగు వందలు పెరుగుతుందట. అబద్ధం రాస్తే ఏమవుతుందో భార్య చూసుకుంటుంది, మనం ఉండం కదా!

పాలసీ మొదలైన మూడేళ్లలోపు క్లెయిం వస్తే కంపెనీ పాత ఆసుపత్రి చీటీలన్నీ తవ్వుతుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక ఏ సాకుతోనూ ఎదురుచెప్పకూడదు, ఆ లోపు మాత్రం చెప్పొచ్చు. "ఫారం ఏజెంటే నింపిండు, నేను చదవలేదు" అన్న మాటకు విలువ ఉందా? 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో లేదని తేల్చింది. అక్కడ దాచింది జబ్బు కూడా కాదు, ఇంకో కంపెనీలో అప్పటికే ఉన్న పాలసీ సంగతి. చదవకుండా సంతకం పెట్టాననడం సాకు కాదని చెప్పి క్లెయిం నిరాకరణనే సమర్థించింది. బీరువాలో నాలుగు కంపెనీల బాండ్లు ఉండి అయిదోదాని ఫారంలో "ఇతర పాలసీలు: లేవు" అని రాయించుకున్నవాళ్లు ఒకసారి లేచి వెళ్లి చూసుకోవడం మంచిది.

నల్లగొండ జిల్లాలో చావుకు డబ్బొచ్చే పాలసీ విలువ ఎవరికీ తెలియదనకండి. బాగా తెలిసినవాళ్లున్నారు. 2021 మార్చిలో అట్లాంటి ఒక ముఠాను పోలీసులు పట్టుకుపోయారు. దామరచర్ల మండలంలో జబ్బుపడ్డవాళ్ల పేర, తాగుడికి బానిసలైనవాళ్ల పేర పాలసీలు తీయించి, ప్రీమియంలు తామే కట్టి, ఆ మనుషులను చంపి రోడ్డు ప్రమాదాలుగా చూపించి క్లెయిములు పంచుకున్నారన్నది ఆ ముఠా మీద అభియోగం. ముఠాలో ఏజెంటూ ఉన్నాడన్నారు. 2023 జనవరిలో మెదక్ జిల్లా టేక్మాల్ మండలంలో సచివాలయ ఉద్యోగి ఒకరు, తన పేర కోట్ల రూపాయల బీమా చేసుకుని, ఇంకొకరిని చంపి కారుతో సహా కాల్చి తానే పోయినట్టు నమ్మించబోయారని పోలీసులు కేసు పెట్టారు. ఈ వార్తలు చదివి మన సార్లు తీసిన నీతి చూడండి: "చూసిన్రా, టర్మ్ పాలసీ ఉంటే పానానికే ముప్పు. మనీబ్యాకే సేఫ్." దొంగలకు అర్థమైన లెక్క దొరలకు అర్థం కాకపోవడం మన జిల్లా ప్రత్యేకత.

పాలసీ తీసుకున్నాక దాన్ని మళ్లీ చూడటం అంటారా? చూస్తాం. దసరాకు ఇల్లు కడిగినప్పుడు బీరువాలో చీరల కింది నుంచి తీసి, దులిపి, మళ్లీ చీరల కిందే పెడతాం. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో నామినీగా అమ్మ పేరు ఉంటుంది. అమ్మ పోయి ఆరేళ్లయింది. మార్చడానికి ఒక్క ఫారం చాలు. మార్చకపోతే ఇల్లాలు వారసత్వ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసుకూ కోర్టుకూ తిరగాలి, అప్పటికే సగం చుట్టాలు వాటా గురించి మాట్లాడటం మొదలుపెడతారు. బోర్లు వేసి, చేను నిలబెట్టుకోలేక అప్పులు చేసే ప్రాంతం మనది. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల కోసం పాలసీ రాయిస్తే ఆ సొమ్ము మీద అప్పులవాళ్లు చెయ్యి పెట్టలేరు. కాకపోతే తీసుకునేటప్పుడే ఆ ముక్క రాయించాలి. నూట యాభై ఏళ్ల నాటి చట్టం, బామ్మర్ది బ్యాగులోకి ఇంకా చేరలేదు.

అసలు విచిత్రం ఏమిటంటే, ఎవరికోసమైతే బీమా తీశామో వాళ్లకే చెప్పం. "ఆడోళ్లకెందుకు ఆ లెక్కలు." మనిషి పోయాక ఆమె వెతుక్కోవాలి, ఏ కంపెనీ, ఏ నెంబరు, కిస్తీలు కట్టాడా, ల్యాప్స్ అయిందా అని. చనిపోయినవాళ్ల సంగతి అట్లుంచండి. 2023-24లో ఎల్‌ఐసీ దగ్గర మెచ్యూరిటీ అయి కూడా ఎవరూ అడగని సొమ్ము 880 కోట్లు దాటిందని పార్లమెంటులో చెప్పారు. పాలసీదారులు 3 లక్షల 72 వేల మంది. ఏం తిరిగొస్తుందని తీసుకునే ముందు వందసార్లు అడిగిన జాతి, తిరిగొచ్చినప్పుడు తీసుకోవడం మర్చిపోయింది!

ఇదంతా చదివి రేపు పొద్దున్నే కోపంగా పోయి పాత పాలసీలన్నీ సరెండర్ చేసి రాకండి, అది ఇంకో తెలివితక్కువతనం. పదిహేనేళ్లు కట్టినదాన్ని చివర్లో వదులుకోవడం కంటే ముగించుకోవడమే మేలు కావచ్చు. నడుమలో ఉన్నదాన్ని కట్టడం ఆపి "పెయిడప్" చేసి ఉంచొచ్చు. ఏదైనా సరే, కొత్త టర్మ్ చేతికి వచ్చాకే పాతదాని జోలికి పోవాలి. టర్మ్ మీద 18 శాతం జీఎస్టీ వేసి, పొదుపు పాలసీలను అంతకంటే తక్కువతో వదిలిపెట్టిన మన ప్రభుత్వాలు కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద పన్ను తీసేశాయి. సర్కారుకే బుద్ధొచ్చింది, సార్‌కు రాదా అని ఒక ఆశ.

గొడవ వస్తే అడగడానికి దిక్కు ఎక్కడో ఢిల్లీలో లేదు. దేశం మొత్తానికి బీమా కంపెనీల మీద పెత్తనం చేసే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో. దేవరకొండ డిపో బస్సు పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు. బీమా అంబుడ్స్‌మన్ కూడా నగరంలోనే ఉన్నారు, ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కొత్తగా తీసుకున్న పాలసీ నచ్చకపోతే అంత దూరం కూడా పోనక్కర్లేదు. 2024 నిబంధనల ప్రకారం కాగితాలు అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే చాలు. స్టాంపు ఖర్చు, డాక్టరు పరీక్ష ఖర్చు, ఆ నాలుగు రోజుల కవరు ఖర్చు పట్టుకుని మిగతాది వాపసు ఇవ్వాలి. సార్ జీవితాంతం వెతికిన అసలైన మనీబ్యాక్ ఇదే.

కాకపోతే ఇప్పుడు పాలసీ కాగితం మెయిల్‌కు వస్తుంది. ఫారంలో రాసిన మెయిల్‌కు. సార్‌కు తన మెయిల్ పాస్‌వర్డ్ గుర్తులేదు. ఓటీపీలంటే తలనొప్పి. అందుకని మెయిలూ ఫోన్ నెంబరూ రెండూ బామ్మర్దివే రాశారు, ఇంటి మనిషే కదా. పాలసీ వచ్చి మూడు వారాలైంది. వివరాలు సరిచూసుకోమని, తప్పులుంటే చెప్పమని, వద్దనుకుంటే ఫలానా తారీకులోపు తెలపమని కంపెనీ పంపిన మెసేజీలన్నీ క్రమం తప్పకుండా అందుతున్నాయి, ఆ ఫోన్‌కే.

"బాండు ఇంకా రాలేదా?" అని సార్ నిన్న అడిగాడు.

"సర్వర్ డౌనుంది బావా. ఫస్టు తారీకు దాటినంక చూద్దాం తియ్."